సాలీడు తిండి మానేస్తే

టరాంట్యులా, అంటే ఒళ్లంతా బొచ్చుండే పెద్ద సాలీడు, దాని పిల్లను పెంచుకోవడానికి ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు మొదట్లో పట్టుకునే టెన్షన్ దాదాపు ఒకటే. నిన్నమొన్నటిదాకా వేసిన పురుగునల్లా లాక్కుని తిన్నది కాస్తా ఉన్నట్టుండి తిండి ముట్టదు. డబ్బాలో ఓ మూల చేరి కదలదు. కుక్కకో పిల్లికో జబ్బు చేస్తే హైదరాబాద్‌లో ఏ పేటలోనైనా డాక్టరు దొరుకుతారు గానీ, వేలిగోరంత సాలీడును పట్టుకుని ఎక్కడికెళ్తాం? చాలాసార్లు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు కూడా. అది కుబుసం విడిచే ముందు చేసే ఉపవాసం.

సాలీడుకు మనలా లోపల ఎముకలుండవు. కైటిన్, ప్రొటీన్లు కలిసి గట్టిపడిన పైపెంకే దానికి ఎముకా చర్మమూ. కాళ్ల మీద, తలా ఛాతీ కలిసిపోయిన ముందుభాగం మీద ఈ పెంకు గట్టిగా ఉంటుంది, సాగదు. వెనకున్న పొట్ట ఒక్కటే మెత్తన. అందుకే పిల్ల ఎంత తిన్నా దాని కాళ్లు పొడవెక్కవు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అన్నాళ్లు తిన్నదంతా కొలతల్లో కనిపించేది కుబుసం విడిచిన రోజునే. చిన్నపిల్లలు కొన్ని వారాలకోసారి, కాస్త ఎదిగినవి కొన్ని నెలలకోసారి, పెద్దవి ఏడాదికో ఇంకా ఆలస్యంగానో కుబుసం విడుస్తాయి. తిండి బాగా పడితే, గది వెచ్చగా ఉంటే ఆ వ్యవధి తగ్గుతుంది.

తినడం అంటున్నాం గానీ అది నిజానికి తాగడం. కోరలతో విషం ఎక్కించి పురుగును పడేశాక సాలీడు తన జీర్ణరసాన్ని దాని మీదికి కక్కుతుంది. పురుగును కోరల మధ్య పిసుకుతూ, కరిగినదాన్ని కరిగినట్టే లోపలికి పీల్చుకుంటుంది. నోటి దగ్గరి వెంట్రుకలు ముక్కలు లోపలికి పోకుండా వడకడతాయి. చివరికి మిగిలేది నల్లటి చిన్న ఉండ. దాన్ని మర్నాడే తీసేయాలి, వానాకాలం మన ఊళ్లో బూజు పట్టడానికి ఎక్కువసేపు అక్కర్లేదు.

గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పిల్లలు అసలేమీ తినవు, గుడ్డు సొనతో తెచ్చుకున్న నిల్వ మీదే బతుకుతాయి. ఆ దశ దాటి మన చేతికొచ్చేసరికి ఆకలి ఉంటుంది గానీ వేటాడే బలం అంతగా ఉండదు. సగానికి కోసిన మీల్‌వార్మ్ అనే పిండిపురుగునో, ఇలకోడి కాలునో పక్కన పెడితే రాత్రికి వచ్చి తింటుంది. మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలూ పనికొస్తాయి. బతికున్న పురుగైతే సాలీడు పొట్టకంటే పెద్దది వేయకూడదు. వారానికి ఒకటో రెండో పూటలు చాలు. వంటింట్లో దొరికిన బొద్దింకను మాత్రం ఎంత ముద్దొచ్చినా వేయొద్దు. అది ఏ మందు చాక్‌పీసు గీత దాటి వచ్చిందో, ఏ విషపు జెల్ తిని వచ్చిందో మనకు తెలియదు.

ఎక్కువ పెడితే త్వరగా పెరుగుతుందని కొందరు మేపుతూనే ఉంటారు. నాకది నచ్చదు. పొట్ట ముందుభాగానికి ఒకటిన్నర రెట్లు మించి ఉబ్బితే, డబ్బా గోడ ఎక్కి జారిపడినా పగిలిపోయే ప్రమాదం ఉంది. పొట్ట గుండ్రంగా నిండి, ముదురు రంగుకు తిరిగి, నున్నగా మెరుస్తుందంటే లోపల కొత్త పెంకు తయారవుతున్నట్టే. అమెరికా ఖండాల జాతుల్లో పొట్ట మీది వెంట్రుకలు రాలిన బట్టతల చోటు లేత రంగు నుంచి నల్లబడుతుంది. ఈ దశలో పాత పెంకుకీ కొత్తదానికీ మధ్య ఒక ద్రవం ఊరుతుంది. అది పాత పెంకు లోపలి పొరలను కరిగిస్తే శరీరం ఆ సరుకును తిరిగి వాడుకుంటుంది. తిండికి నోరు తెరవకపోయినా లోపల పని ఆగలేదన్నమాట.

తర్వాత పట్టు చాపలాంటిది నేసుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఓ అర్ధరాత్రి ఫోన్ చేసింది ఇందుకే.

“అన్నా, పోయిందన్నా ఇది. వెల్లకిల పడి ఉంది.”

“కాళ్లు ఎట్లున్నయ్‌రా? చాపుకున్నదా, కిందికి ముడుచుకున్నదా?”

“చాపుకునే ఉన్నదన్నా.”

“అయితే ముట్టుకోకు. లైటు బంద్ చేసి పండుకో.”

ఆ ప్రశ్నకు కారణం ఉంది. సాలీడు కాళ్లలో ముడవడానికి కండరాలున్నాయి గానీ ముఖ్యమైన కీళ్ల దగ్గర చాపడానికి లేవు. రాగి కలిసిన నీలపు రక్తాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపి చాపుతుంది. ప్రాణం పోయినా, ఒంట్లో నీళ్లు తగ్గినా ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటాయి. కాబట్టి భయపడాల్సింది బోర్లా ఉండి కాళ్లు ముడిచిన సాలీడును చూసి. అప్పుడు వెంటనే నీటి చుక్క దగ్గర పెట్టాలి.

కుబుసాన్ని చీల్చేదీ ఆ ఒత్తిడే. గుండె పొట్టలోని రక్తాన్ని ముందుకు తోస్తుంటే పొట్ట సన్నబడుతుంది, ముందుభాగం మీది చిప్ప అంచు వెంట పగిలి మూతలా లేస్తుంది. ఇక ఎనిమిది కాళ్లనూ ముందున్న రెండు చిన్న చేతులనూ పాత తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా లాక్కుంటుంది. చిన్నపిల్లకు నిమిషాల పని, పెద్దదానికి గంటలు పడుతుంది. ఊడేది పైతోలు ఒక్కటే అనుకోకండి. కోరలూ, ఊపిరితిత్తుల పొరలూ, పీల్చుకునే కడుపు లోపలి పొరా దాంతోపాటే వచ్చేస్తాయి. అంతకుముందు కాలు తెగిపోయి ఉంటే ఆ చోట సన్నటి కొత్త కాలు కనిపిస్తుంది, మరో రెండు మూడు కుబుసాలకు అది మిగతావాటితో సమానమవుతుంది.

కొత్త కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. తర్వాత ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నల్లబడేదాకా తిండి పెట్టకూడదు. పిల్లకైతే వారం ఆగితే సరిపోతుంది, పెద్దవాటికి రెండు మూడు వారాలు. ఈలోగా డబ్బాలో ఇలకోడి ఉండిపోయిందంటే అదే సాలీడును కొరికి తినేయగలదు.

నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. పిల్లల పెంకు పలుచన, ఒంట్లో తడి త్వరగా ఆరిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన పొడి ఎండలో గాలిలో తేమ ఎంతుందని మీటరు చూసుకోవడం కంటే, ఎరువు కలపని కోకోపీట్‌ను (కొబ్బరిపీచు పొట్టు) ఓ మూల తడిపి ఉంచడం మేలని నా అభిప్రాయం. వానలు మొదలయ్యాక సందులోకి ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసేయండి. దోమల మందుల్లో ఉండే పైరిత్రాయిడ్లు సాలీళ్లకూ విషమే.

ఏ జాతిని తెచ్చుకోవాలన్నది వేరే సంగతి. కాచిగూడలో బెంగళూరు రైలెక్కితే దారిలో తగిలే గుత్తి పేరు మీదే ప్రపంచమంతా మోజుపడే నీలి టరాంట్యులా ఒకటుంది, పోయిసిలోథేరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాక, అడవిలో మళ్లీ కనిపించింది 2001లో, నంద్యాల-గిద్దలూరు మధ్య. ఇప్పుడది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. దాని ప్రజాతి మొత్తాన్నీ 2019లో సైటీస్ ఒప్పందం (ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసేది) కింద చేర్చారు. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించాక సైటీస్ జాబితాలోని విదేశీ జాతులను ఇంట్లో ఉంచుకున్నా అధికారుల దగ్గర నమోదు చేయించాలి. అడవిలోంచి పట్టుకొచ్చినదాన్ని కొనడం అన్నిటికంటే చెడ్డ బేరం.

విడిచిన కుబుసాన్ని పారేయకండి. పిల్ల కాస్త ఎదిగాక, ఆ తోలును నీళ్లలో నానబెట్టి మెత్తగా విప్పి, పొట్ట భాగంలో ముందువైపు ఊపిరితిత్తుల జత మధ్య భూతద్దంతో చూస్తే ఆడదానికి చిన్న సంచిలాంటి మడత కనిపిస్తుంది, మగదానికి ఉండదు. మగదైతే ఈడుకొచ్చిన ఆఖరి కుబుసం తర్వాత తిండి మీద ధ్యాస తగ్గి, ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది, మహా అయితే ఏడాది, ఇంకాస్త. ఆడదైతే చాలా జాతుల్లో 20 ఏళ్లు దాటి బతుకుతుంది. ఇంటర్ చదివే కుర్రాడు తెచ్చుకుంటే, రేపు వాడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక దానికి నీళ్లు పెట్టేదెవరో ముందే ఇంట్లో తేల్చుకోవాలి.