చందమామ సీరియళ్ల కింద లేని పేరు

విశాఖలో పిల్లల పుస్తకాల మాట వస్తే చాలు, యాభై దాటినవాళ్లు తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం అంటూ పాత సీరియళ్ల పేర్లు గడగడా చెప్పేస్తారు. రాసిందెవరని అడిగితే మాత్రం “చందమామ” అంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ పిల్లల మాసపత్రికలో ఆ సీరియళ్లు వచ్చినన్నాళ్లూ రచయిత పేరు అచ్చు కాలేదు.

మా ఇంట్లో యక్షపర్వతం అనే సీరియల్ బైండు ఒకటి ఉంది. నాన్న నెలనెలా చందమామకి పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు మాత్రం దాచి, అన్నీ వచ్చాక పూర్ణా మార్కెట్ దగ్గర కుట్టించారు. కథానాయకులు ఖడ్గవర్మ, జీవదత్తుల బొమ్మల్లో చిత్రకారుడు ‘చిత్ర’ సంతకం కనిపిస్తుంది. కథ రాసినాయన పేరు ఎక్కడా లేదు. అట్ట లోపల నాన్న సిరాతో రాసుకున్నారు: ‘రచన: చందమామ’.

ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో మద్రాసు వెళ్లి చందమామలో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు కూడా అదే ఏడు పత్రిక పని చేపట్టారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన ఆ పత్రికకి ఒక పద్ధతి ఉండేది. బయటివాళ్లు పంపిన కథలకి పేరు వేసేవారు. ఆఫీసులో జీతానికి కూర్చుని రాసినవి మాత్రం పత్రిక సొత్తు. 1980లో పోయేదాకా చందమామని నడిపిన కుటుంబరావు పేరే సంపాదకుడిగా అచ్చయ్యేది కాదు, ఇక సుబ్రహ్మణ్యంగారి సంగతి చెప్పేదేముంది.

1954లో తోకచుక్కతో మొదలై డెబ్బైల చివరిదాకా డజను సీరియళ్లు రాశారాయన. తెలుగులో రాసినవి వేరే భాషల చందమామల్లోకీ వెళ్లాయి. మాంత్రికులు, రాక్షసులు, కొండగుహలు, నెలాఖరుకి ‘ఇంకా ఉంది’ అన్న మాట. ఆ మాట దగ్గర ఆగి ఇంకో నెల ఎదురుచూసిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. ఇంతమంది పిల్లల్ని చదువరుల్ని చేసిన మనిషికి పేరు దక్కకపోవడం, జీతం ఇచ్చారు కదా అన్నా సరే, అన్యాయమనే అంటాను.

2006 దాకా ఆయన అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు మొదలైంది కూడా 2010లోనే. పిల్లల కోసం రాసేవాళ్లకి పేరు తెచ్చే ఆ పురస్కారం 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావుకీ, 2019లో బెలగాం భీమేశ్వరరావుకీ వచ్చింది. ఇద్దరిదీ మన పక్కనున్న పార్వతీపురమే. సుబ్రహ్మణ్యంగారి సీరియళ్లు కూడా ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, అట్ట మీద ఆయన పేరుతో.