దేశాల మధ్య రాత్రి రైళ్లు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లోని మా చిన్న టికెట్ల కార్యాలయంలో ఒకప్పుడు నారాయణాద్రిలో బెర్తు దొరుకుతుందా అన్నదే పెద్ద ప్రశ్న. ఇప్పుడు జర్మనీలోనో ఆస్ట్రియాలోనో పిల్లలున్న తల్లిదండ్రులు, బ్యాంకాక్ చూసి అటునుంచి మలేసియా వెళ్లాలనుకునే యువకులు దేశాల మధ్య నడిచే రాత్రి రైళ్ల గురించి అడుగుతున్నారు. అక్కడి రైళ్లు కూడా మన రైళ్ల లాగే ఉంటాయనుకోవడం వల్లనే వారి అపోహల్లో చాలావరకు పుడుతున్నాయి.

అపోహ: మన దేశంలో రైలెక్కి విదేశంలో దిగవచ్చు.

ఒకప్పుడు ఇది కొంత నిజమే. 1976లో మొదలైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్, 2006లో మళ్లీ పట్టాలెక్కిన థార్ ఎక్స్‌ప్రెస్ రెండూ 2019 ఆగస్టులో ఆగిపోయాయి. 2008లో మొదలైన కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2024 జూలైలో నిలిచిపోయింది. బీహార్‌లోని జయనగర్ నుంచి నేపాల్‌లోకి రైలు ఉన్నా, అది పడుకొని వెళ్లేంత దూరం కాదు. కాబట్టి మొదటి దేశం వరకు విమానం తప్పదు. పట్టాల వెడల్పు వేరు కావడమే అడ్డంకి అని కొందరు చెబుతారు గానీ, పాకిస్తాన్‌తో మనకు ఆ తేడాయే లేదు. తేడా ఉన్న చైనా–మంగోలియా సరిహద్దులో పెట్టెలను జాకీలతో పైకెత్తి, కింది చక్రాల చట్రాలను మార్చి పంపుతారు. నిజానికి బోగీ అంటే ఆ చట్రమే. మనం మాత్రం పెట్టెనే బోగీ అంటాం.

అపోహ: స్లీపర్ అంటే చవక తరగతి.

మన దగ్గర పడుకొని వెళ్లే తరగతుల్లో చవకైనది స్లీపర్. యూరప్ రాత్రి రైళ్లలో అదే పేరున్న తరగతి అన్నిటికన్నా ఖరీదైనది: ఒకరు, ఇద్దరు లేదా ముగ్గురికి తలుపు గల గది, పరుపు, దుప్పట్లు ఉంటాయి. మన థర్డ్ ఏసీకి దగ్గరగా ఉండేది కౌచెట్. ఒక్కో గదిలో నాలుగు లేదా ఆరు బెర్తులుంటాయి, ముక్కూమొహం తెలియని స్త్రీపురుషులు కలిసి పడుకోవలసి రావచ్చు. అది ఇబ్బందనుకునే వారి కోసం ఆస్ట్రియా రైల్వే నడిపే నైట్‌జెట్ రైళ్లలో మహిళల గదులు ఉన్నాయి, అయితే బుకింగ్‌లోనే అడగాలి.

అపోహ: బెర్తు ఉంటే చాలు, సరిహద్దు రైలువాళ్లే దాటిస్తారు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. షెంగెన్ అంటే ఒకే వీసాతో, మధ్యలో సాధారణంగా పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగగల యూరప్ దేశాల పరిధి. అందులోని 29 దేశాల మధ్య, ఉదాహరణకు వియన్నా నుంచి రోమ్‌కు, సాధారణంగా నిద్ర చెడకుండానే తెల్లవారుతుంది. అయినా జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు మొదలుపెట్టింది కనుక, అసలు పాస్‌పోర్టు చేతికి అందేలా పెట్టుకోవాలి. ఫోనులోని ఫొటో చాలదు.

ఆ పరిధి దాటితే పరిస్థితి పూర్తిగా వేరు. షెంగెన్‌లోనే ఉన్న బల్గేరియా రాజధాని సోఫియా నుంచి టర్కీలోని ఇస్తాంబుల్ వెళ్లే రాత్రి రైలులో బల్గేరియా తనిఖీ ముగిశాక, టర్కీ వైపు కపికులే స్టేషన్‌లో నడిరాత్రి అందరూ దిగి, వరుసలో నిలబడి ముద్ర వేయించుకొని, సామాను కూడా చూపించుకోవాలి. మోకాళ్ల నొప్పులతో పై బెర్తు ఎక్కినవారికి ఇది చిన్న పని కాదు.

ఈ రైలు విషయంలోనే నిరుడు నేను పొరబడ్డాను. దేవరకొండ వైపు నుంచి కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్తున్న దంపతులకు మధ్యలో ఇస్తాంబుల్ చూసి, తిరిగి సోఫియా మీదుగా వెళ్లేలా ప్రణాళిక వేసి ఇచ్చాను. షెంగెన్ వీసా కాగితం మీద తేదీలు చూశాను గానీ, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే గడిని చూడలేదు. అందులో ‘01’ అని ఉంది. పలుసార్లు అయితే ‘మల్ట్’ అని ఉంటుంది. షెంగెన్ పరిధి దాటి ఇస్తాంబుల్ వెళ్లగానే ఆ వీసా తీరిపోయేది, తిరిగి సోఫియాలోకి రానిచ్చేవారు కాదు. ప్రయాణానికి వారం ముందు ఆ దంపతుల కోడలు గమనించి ఫోన్ చేయడంతో గండం తప్పింది. టికెట్ల డబ్బులు నేనే భరించాను.

బ్యాంకాక్ నుంచి మలేసియా సరిహద్దులోని పాదాంగ్ బెసార్‌కు వచ్చే రైలు దీనికంటే సుఖం. రెండు దేశాల కౌంటర్లూ ఒకే స్టేషన్ భవనంలో ఉంటాయి. అయితే మలేసియా గడియారం థాయ్‌లాండ్ కంటే గంట ముందుంటుంది. ఆ సంగతి మరచి కౌలాలంపూర్ రైలుకు టికెట్టు తీసుకుంటే, దిగేసరికి అది వెళ్లిపోయి ఉంటుంది.

అపోహ: వెయిటింగ్ లిస్టుతో ఎక్కి టీటీఈతో మాట్లాడుకోవచ్చు.

ఆ రైళ్లలో వెయిటింగ్ లిస్టు లేదు, ఆర్ఏసీ లేదు. బెర్తు ఖరారైతేనే ప్రయాణం. యూరప్‌లో పలు దేశాల రైళ్లలో తిరిగేందుకు ఒకేసారి కొనే పాస్ ఉన్నా బెర్తు రుసుము వేరుగా కట్టాలి. ఒకే కుటుంబంలో జర్మనీలో ఉంటున్న కొడుకుకు ఇంటర్‌రైల్ పాస్, ఇక్కడి నుంచి వెళ్లే తల్లిదండ్రులకు యూరైల్ పాస్ వర్తిస్తాయి. ఒకరిది మరొకరికి చెల్లదు.

అపోహ: ఒకే రైలు కదా, ఏ పెట్టె అయితే ఏమిటి?

జ్యూరిక్ నుంచి కలిసి బయలుదేరే పెట్టెల్లో కొన్ని బుడాపెస్ట్‌కు, కొన్ని జాగ్రెబ్‌కు వెళ్తాయి. దారిలో రాత్రి పూట వాటిని విడదీస్తారు. మిత్రులతో కబుర్లు చెబుతూ వేరే పెట్టెలో కునుకు తీస్తే, మెలకువ వచ్చేది మరో దేశంలో. ఎక్కేముందు తలుపు పక్కన రాసి ఉన్న గమ్యం, పెట్టె సంఖ్య రెండూ టికెట్టుతో సరిచూసుకోవాలి.

తిండి విషయం ఒక్క మాటలో చెబుతాను. స్టేషన్ స్టేషన్‌కూ చాయ్, ఇడ్లీ అమ్మేవారు రారు కనుక పులిహోర కట్టుకెళ్లడం మంచిదే; కానీ ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాల, మాంసపు పదార్థాలు ప్రయాణికులు తీసుకురాకూడదు. అమ్మలు ప్రేమగా సర్దే నెయ్యి సీసా, కోవా డబ్బా, మటన్ పచ్చడి ఇంట్లోనే ఉంచేయాలి.