హెచ్‌డీ డిష్‌కి డబ్బులు పెట్టొచ్చా? బిగించేవాడి వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

డిష్‌లు బిగించడం, బాక్సులు మార్చడం నా పని, అందుకే ఏ ఇంటికెళ్ళినా నిచ్చెన దిగేలోపే ఒక ప్రశ్న రెడీగా ఉంటుంది, హెచ్‌డీకి మారితే నిజంగా తేడా ఉంటుందా లేక డబ్బులు దండగా అని. నా లెక్కలో అందరికీ ఒకే జవాబు లేదు, అది మీ టీవీ సైజు, మీరు కూర్చునే దూరం, మీరు చూసే ఛానెళ్ళు, ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. కానీ అంతకంటే ముందు ఇంకో సంగతి ఉంది, ఆల్రెడీ హెచ్‌డీకి డబ్బు కడుతున్నవాళ్ళలో చాలామంది చూస్తున్నది హెచ్‌డీ కాదు. అక్కడ్నుంచే మొదలెడతా.

అపోహ: హెచ్‌డీ టీవీ కొన్నాం కదా, ఇంక అన్నీ హెచ్‌డీలోనే వస్తాయి

టీవీ హెచ్‌డీ అంటే హెచ్‌డీ బొమ్మ వస్తే చూపించగలదని, అంతే. వచ్చేది ఎస్‌డీ (హెచ్‌డీ కంటే ముందునుంచీ ఉన్న మామూలు క్వాలిటీ బొమ్మ) అయితే దాన్నే సాగదీసి స్క్రీన్ నింపుతుంది. ఎస్‌డీ బొమ్మలో చుక్కలు 720 అడ్డం 576 నిలువు (కొన్ని దేశాల్లో 480), ఫుల్ హెచ్‌డీలో 1920 అడ్డం 1080 నిలువు, అంటే సుమారు 4 లక్షలకీ 20 లక్షలకీ ఉన్న తేడా. లేని ఆ 16 లక్షల చుక్కల్నీ టీవీ పక్క చుక్కల్ని బట్టి ఊహించుకుని నింపుకోవాల్సిందే. అందుకే పాత చిన్న టీవీలో బాగానే కనిపించిన ఛానెల్ కొత్త పెద్ద టీవీలో అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, టీవీలో ప్రాబ్లం అనుకుని టీవీ కంపెనీకి ఫోన్ చేస్తారు పాపం.

అపోహ: హెచ్‌డీ బాక్స్ పెట్టించాం, ప్యాక్ వేయించాం, పని అయిపోయింది

కాలేదండి. బాక్స్ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు మూడు రంగుల పిన్నుల వైరు గుచ్చి ఉంటే మీరు చూసేది ఎస్‌డీనే, ఎందుకంటే బొమ్మ మొత్తం ఆ ఒక్క పసుపు పిన్ను మీదే రావాలి, దానికి హెచ్‌డీ మోసే శక్తి లేదు. బాక్స్ ఎంత కొత్తదైనా, ప్యాక్ ఎంత పెద్దదైనా అంతే. పాత బాక్స్ తీసి కొత్తది పెట్టేటప్పుడు ఉన్న వైరునే అలాగే గుచ్చేసి వెళ్ళిపోతారు, బొమ్మ వచ్చింది కదా అని ఇంట్లోవాళ్ళూ ఊరుకుంటారు. హెచ్‌డీఎంఐ వైరే (బొమ్మ, సౌండు రెండూ ఒకే వెడల్పాటి పిన్నులో మోసే వైరు) వాడాలి.

వైరు సరిగ్గానే ఉన్నా బాక్స్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ 576 మీద ఉండిపోయి ఉండొచ్చు. టీవీ రిమోట్ మీద ఇన్ఫో బటన్ ఉంటే నొక్కండి (బాక్స్ రిమోట్ కాదు, టీవీ రిమోట్), మూలన 576ఐ అనో 480ఐ అనో వస్తే వెంటనే బాక్స్ మెనూలోకి వెళ్ళి 1080 పెట్టుకోండి. మూడోది అన్నిటికంటే సింపుల్, చాలా చోట్ల ఒకే ఛానెల్‌కి ఎస్‌డీది ఒక నంబర్, హెచ్‌డీది ఇంకో నంబర్, అలవాటుకొద్దీ పాత నంబరే కొడుతూ ఉంటారు. నెలనెలా డబ్బు కట్టేది హెచ్‌డీకి, చూసేది ఎస్‌డీ. ఇంకోటి, మనుషులు పొట్టిగా లావుగా కనిపిస్తున్నారంటే 4:3 బొమ్మని (వెడల్పు తక్కువుండే పాత టీవీల కొలత) 16:9 వెడల్పు స్క్రీన్‌కి సాగదీశారన్నమాట, అది హెచ్‌డీ లేకపోవడం వల్ల కాదు, సైజు సెట్టింగ్ మారిస్తే పోతుంది, పైసా ఖర్చు లేదు.

అపోహ: టీవీ ఎంత చిన్నదైనా, ఎక్కడ కూర్చున్నా హెచ్‌డీ తేడా తెలిసిపోతుంది

ఇక్కడ అడ్డం వచ్చేది మన కన్నే. మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు వరకే విడదీసి చూడగలదు, అంతకంటే చిన్న చుక్కలు పక్కపక్కనుంటే ఒకటిగా కలిసిపోతాయి. ఆ లెక్కన స్క్రీన్ ఎత్తుకి సుమారు 6 రెట్లు దూరం దాటితే ఎస్‌డీలో ఉన్న చుక్కలే కంటికి అందవు, ఇక హెచ్‌డీవి ఎక్కడ అందుతాయి! 32 అంగుళాల టీవీకి ఆ దూరం దాదాపు 8 అడుగులు, 43కి పదిన్నర, 55కి పదమూడున్నర. హెచ్‌డీ పూర్తిగా కంటికి దక్కాలంటే అందులో సగం దూరానికి రావాలి, అంటే 43 అంగుళాల టీవీకి ఐదున్నర అడుగులు.

ఇది కాగితం మీద లెక్క. బయట ఎస్‌డీ ఛానెళ్ళని బాగా నొక్కేసి, అంటే డేటా కుదించి పంపుతారు కాబట్టి కదలిక ఎక్కువైనప్పుడు బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోవడం దూరం నుంచి కూడా కనిపిస్తుంది, ఆ గళ్ళు హెచ్‌డీలో తక్కువ. అయినా సరే 32 అంగుళాల టీవీని 10 అడుగుల దూరం నుంచి చూసేవాళ్ళు, అందులోనూ వార్తలు, సీరియళ్ళు తప్ప వేరే పెట్టనివాళ్ళు అడిగితే వద్దనే చెప్తాను, నాకు పని పోతే పోయింది. 50 పైన టీవీ, ఆటల పిచ్చి ఉందంటే మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు, ఎస్‌డీలో గడ్డి పచ్చ రంగు పూసినట్టు ఉంటుంది, హెచ్‌డీలో గడ్డిలా ఉంటుంది, బంతి ఎక్కడ పడిందో కళ్ళు చికిలించుకోకుండా తెలుస్తుంది.

అపోహ: హెచ్‌డీ ఛానెల్ అంటే అందులో వచ్చేవన్నీ హెచ్‌డీనే

పేరు గొప్ప ఊరు దిబ్బ. హెచ్‌డీ ఛానెల్లో కూడా ఎప్పుడో ఎస్‌డీలో తీసినవి వస్తాయి, వాటిని స్టూడియోలోనే పెద్దవి చేసి పంపుతారు. ఇక్కడో చిత్రం ఉంది. 1960ల నాటి సినిమా హెచ్‌డీలో అద్దంలా ఉండొచ్చు, 1990ల సీరియల్ మసగ్గా ఉండొచ్చు. సినిమాలు తీసింది 35 ఎంఎం ఫిల్ము మీద, నెగెటివ్ బాగుంటే ఇప్పుడు మళ్ళీ స్కాన్ చేసి హెచ్‌డీ కంటే ఎక్కువ వివరం కూడా రాబట్టొచ్చు, వీడియో టేపు మీద తీసిన సీరియళ్ళలో రికార్డయిందే ఎస్‌డీ, ఇక లేనిది ఎక్కడ్నుంచి తెస్తారు. కాబట్టి ప్యాక్‌లో ఎన్ని హెచ్‌డీ ఛానెళ్ళున్నాయో లెక్కపెట్టడం కాదు, మీరు రోజూ పెట్టే నాలుగైదు ఛానెళ్ళకి హెచ్‌డీ ఉందా, అందులో కొత్తగా తీసినవి వస్తాయా అన్నది చూసుకోండి.

అపోహ: హెచ్‌డీకి డిష్ మార్చాలి, లేదా పాత బాక్స్‌నే అప్‌డేట్ చేస్తే చాలు

రెండూ తప్పే. హెచ్‌డీ ఛానెళ్ళు అదే ఉపగ్రహం నుంచి, అదే బ్యాండ్‌లో (తరంగాల శ్రేణిలో) వస్తుంటే డిష్, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకి ఉండే, సిగ్నల్ పట్టుకునే చిన్న డబ్బా) పాతవే సరిపోతాయి, వేరే ఉపగ్రహం అయితే అప్పుడు వేరే సంగతి. బాక్స్ మాత్రం మారాల్సిందే, హెచ్‌డీ ఎక్కువగా ఎంపెగ్-4లో (బొమ్మని కుదించే తీరు), డీవీబీ-ఎస్2 పద్ధతిలో (దాన్ని ఉపగ్రహం నుంచి పంపే తీరు) వస్తుంది, 2005లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిని పాత ఎంపెగ్-2 బాక్సులో చిప్పు అర్థం చేసుకోలేదు, సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు.

డిష్ మార్చక్కర్లేదన్నాను గానీ గురి సరిచూడాలి. హెచ్‌డీకి ఎక్కువగా వాడే 8పీఎస్‌కే సిగ్నల్‌లో ఒక్కో విడతకి ఎక్కువ బిట్లు కూరతారు, అది శుభ్రంగా అందకపోతే బాక్స్ విప్పుకోలేదు, అందుకే డిష్ కాస్త పక్కకి జరిగినా, చిన్న వానకీ ముందు పోయేది తరచుగా హెచ్‌డీ ఛానెళ్ళే. హెచ్‌డీ అంటేనే వానకి తట్టుకోదు అనేస్తారు, తట్టుకుంటుంది, గురి సరిగ్గా ఉండాలి. జోరు వానకి మాత్రం ఎస్‌డీ అయినా హెచ్‌డీ అయినా పోవాల్సిందే, డిష్‌కి వచ్చే ఆ కేయూ బ్యాండ్ సిగ్నల్‌ని వాన చుక్కలు పీల్చేస్తాయి.

సగం ఛానెళ్ళు వచ్చి సగం రాకపోతే డిష్ కదిపే ముందు ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పి చూడండి. లోపలి రాగి తీగ పచ్చగా మారి ఉందా, అయితే నీళ్ళు దిగినట్టే. బయటి అల్లికలోంచి వెంట్రుకంత పోగు ఒకటి మధ్య తీగకి తగులుతూ ఉన్నా గోలే. బాక్స్ ఆ తీగ మీదే ఎల్ఎన్‌బీకి కరెంటు పంపుతుంది, 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు పట్టుకుంటుంది. తుప్పు వల్ల 18 కాస్తా దారిలో తగ్గిపోతే అడ్డంగా వచ్చే ఛానెళ్ళన్నీ ఒక్క దెబ్బకి మాయం. కొత్త కనెక్టర్ వేసి, వానకి తడవకుండా టేపు చుడితే అయిపోతుంది, దానికి కొత్త డిష్ అంటగట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

అపోహ: సిగ్నల్ గీత నిండుగా ఉంటే బొమ్మ ఇంకా క్లియర్‌గా ఉంటుంది, హెచ్‌డీఎంఐ ఖరీదైనదైతే ఇంకా ఇంకా

డిజిటల్‌లో అలాంటిదేం లేదు. సిగ్నల్ సరిపోయినంత వరకూ బొమ్మ ఒకేలా ఉంటుంది, సరిపోకపోతే గళ్ళు పడి ఆగిపోతుంది. మెనూలో రెండు గీతలుంటాయి, స్ట్రెంగ్త్ కాదు క్వాలిటీ గీత చూడండి, స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా ఉంటే డిష్ వేరే ఉపగ్రహం వైపు ఉందేమో. హెచ్‌డీఎంఐ కూడా అంతే, బాక్స్ నుంచి టీవీకి ఉండే మీటరు రెండు మీటర్లకి మామూలు వైరు చాలు, బంగారు పూత వల్ల బొమ్మ మెరిసిపోదు.

4కే టీవీ ఉంది, మరి హెచ్‌డీ ఎందుకు అని కూడా అడుగుతారు. 4కే టీవీ ఉంటేనే హెచ్‌డీ అవసరం ఇంకా ఎక్కువ. 1080ని రెండింతలు చేస్తే సరిగ్గా 4కే టీవీలో నిలువుగా ఉండే 2160, ఆ సాగదీత బాగానే కుదురుతుంది, 576 నుంచి అంత పెద్దది చేస్తే మాత్రం ముఖాలన్నీ మైనం ముద్దల్లా ఉంటాయి.

ఇవన్నీ చదివినా తేల్చుకోలేకపోతే ఏడాదికి కట్టేయకండి, ఒక్క నెలకి ఒకే ఒక్క ఛానెల్ హెచ్‌డీ వేయించుకోండి (బాక్స్ మార్చాల్సి వస్తే ముందు అలాంటి బాక్స్ ఉన్న తెలిసినవాళ్ళింట్లో చూడండి). మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి, టీవీ దగ్గరికెళ్ళి చూడొద్దు. ఏ నంబర్ కొడుతున్నారో చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి, స్కోరు పక్కన ఉండే చిన్న అక్షరాలు, దూరంగా ఉన్న జనం ముఖాలు గమనించండి. ఏది ఏదో చెప్పలేకపోతే ఎస్‌డీలోనే ఉండిపోండి.