ఏడో రోజు పిండం: ఒంగోలు జాతి తిరుగు ప్రయాణం మీద గొడవ

బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతినుంచి వచ్చిన నెలోర్ ఆవు కోట్లు పలికిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఒంగోలు చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర ఒకటే వాదన. వియాటినా-19 అనే ఆవు గిన్నిస్ రికార్డుకెక్కింది. బరువు 1,101 కిలోలు, విలువ మన లెక్కలో దాదాపు 40 కోట్లు. ‘మన జాతే కదా, ఆ పిండాలు తెచ్చి మన ఆవుల్లో పెట్టుకుంటే పోలా?’ అనేవాళ్లు కొందరు. ‘అది మనది కాదు పొమ్మ’నేవాళ్లు కొందరు. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి గిత్త బ్రెజిల్‌కు ఓడెక్కిన కథ ఇక్కడ పిల్లలకూ తెలుసు, దాని జోలికి పోను. పేరు సంగతి ఒక్కటి: 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే. అందుకే అక్కడ అవి నెలోర్‌లయ్యాయి.

నా దృష్టిలో ఈ గొడవకు మూలం గిత్త కాదు, ఆంట్‌వెర్ప్ రేవు. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్ పోతున్న మూపురం పశువులు దారిలో ఆ బెల్జియం రేవులో దిగాయి. వాటితోపాటు పశువుల్ని చంపే అంటురోగం ముసర వ్యాధీ (రిండర్‌పెస్ట్) దిగింది. ఆ దెబ్బకే 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. బతికున్న పశువు సరిహద్దు దాటడమంటే అప్పటినుంచీ అన్ని దేశాలకూ భయమే.

ఆ భయాన్ని దాటే దారి ఆవు కడుపులోనే ఉంది. ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ 1890లోనే ఒక కుందేలు పిండాలను ఇంకో కుందేలులో పెట్టి పిల్లల్ని పుట్టించాడు. ఆవుల్లో అది సాధ్యమైంది 1951లో, అమెరికాలోని విస్కాన్సిన్‌లో. మొదట్లో కడుపు కోయాల్సి వచ్చేది. 1970ల్లో కోత లేకుండా పిండాన్ని బయటికి తీయడం వచ్చాక అది వ్యాపారమైంది.

ఎద తీరి కృత్రిమ గర్భధారణ సూది వేయించిన ఆవులో అండం ఫలదీకరణ జరిగేది గర్భాశయంలో కాదు, అండవాహికలో. అక్కడినుంచి పిండం మెల్లగా కిందికి జారుతూ రెండు, నాలుగు, ఎనిమిది కణాలవుతుంది. నాలుగో రోజుకు పదహారే. కోడి సంగతి వేరు. గుడ్డు పెట్టే సమయానికే అందులోని పిండం వేల కణాలతో ఉంటుంది. ఆవు పిండానికి అంత తొందర లేదు. ఎనిమిది, పదహారు కణాల దశ దాకా అది బతికేది తల్లి అండంలో దాచిపెట్టిన సరుకుతోనే. దాని సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది ఆ తర్వాతే.

ఏడో రోజు గర్భాశయంలోకి ద్రవం ఎక్కించి, వెనక్కి తీసి, జల్లెడ పట్టి మైక్రోస్కోపు కింద పెడితే అరమిల్లీమీటరులో సగం కూడా లేని ఒక బుడగ కనబడుతుంది. లోపల ఖాళీ, ఒక పక్కన చిన్న ముద్ద. ఆ ముద్ద దూడవుతుంది, చుట్టూ ఉన్న కణాల వరుస మాయ (ప్లసెంటా) అవుతుంది. పైన గాజులా మెరిసే పొర. వైరస్‌లు ఆ పొర దాటి లోపలికి పోవడం కష్టం. పొర చెక్కుచెదరని పిండాన్ని పదిసార్లు కడిగి, గడ్డకట్టించి, పావు మిల్లీలీటరు పట్టే సన్నటి గొట్టంలో, అంటే స్ట్రాలో పెడితే ఓడ అక్కర్లేదు, క్వారంటైన్ కొట్టాలూ అక్కర్లేదు. రెండు రోజులాగితే, తొమ్మిదో రోజుకల్లా, పిండమే ఆ పొర చీల్చుకుని బయటికొచ్చేస్తుంది.

అప్పటికీ అది తల్లికి అతుక్కోదు. తేలుతూనే సాగుతుంది. పదిహేడో రోజుకు దాదాపు జానెడు దారమవుతుంది. పదిహేను, పదహారు రోజుల మధ్య అది ఒక ప్రొటీన్ వదిలి తానున్నానని తల్లికి తెలియజేయాలి, లేకపోతే ఆవు మళ్లీ ఎదకొస్తుంది. చూడి నిలవని కేసుల్లో చాలావరకు ఈ గడువులోపే పోతాయి. గడ్డకట్టించిన పిండాలు పదింట నాలుగు నిలిస్తే మంచి ఫలితమే.

‘జెర్సీ ఆవు కడుపులో పెరిగింది ఒంగోలు దూడెలా అవుతుంది?’ అని రైతులు అడుగుతారు. నెల్లూరు వైపు బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించినవాళ్లకు జవాబు తెలుసు. కోడి వెంట తిరిగినా బాతు పిల్ల బాతే.

కానీ ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాగుంది, దాన్ని అంత తేలిగ్గా కొట్టేయలేం. బ్రెజిల్‌కు పోయిన వాటిలో ఆవులకన్నా గిత్తలకే పని ఎక్కువ పడింది. అక్కడి నాటు ఆవులమీద వాటిని తరతరాలు దాటించి మందలు పెంచారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తండ్రినుంచి రాదు, తల్లి అండంనుంచే వస్తుంది. పరీక్షించి చూస్తే చాలా నెలోర్ పశువుల్లో ఐరోపా ఆవుల మైటోకాండ్రియా బయటపడింది. తండ్రి తరం మనది, తల్లి తరం వాళ్లది. దానికితోడు ఆరు దశాబ్దాలుగా వాళ్లు ఎంచుకున్నది మాంసానికి. మనవాళ్లు ఎంచుకున్నది అరకకు, బండకు, కాస్త పాలకు. కొమ్ముల్లేని నెలోర్ రకం కూడా అక్కడుంది. బండలాగుడు పందెం చూసినవాడెవడూ దాన్ని ఒంగోలు అనడు. స్ట్రాలో వచ్చేది ఇదంతా కలిసిన సరుకేనని జాతి కాపాడుకుంటున్న రైతుల వాదన.

పిండాలు తెప్పించాలనే వర్గం చెప్పేది ఇక్కడ మంచి ఆవులు తగ్గాయని, కొత్త రక్తం కావాలని.

బ్రెజిల్ ముందుకెళ్లిన కారణం చూస్తే ఈ మాట నిలబడదు. 2000 తర్వాత వాళ్లు సూదితో ఆవు అండాశయంలోంచి నేరుగా అండాలు తీసి ల్యాబ్‌లో పిండాలు చేయడం మొదలెట్టి ప్రపంచంలోనే ముందు నిలిచారు. అందుకు కలిసొచ్చింది నెలోర్ అండాశయమే. ఒక్కసారి తీస్తే హోల్‌స్టీన్ ఆవుకన్నా రెండు మూడు రెట్లు అండాలు వస్తాయి. మూపురం జాతికి పుట్టుకతో వచ్చిన గుణమది, ఇక్కడినుంచి పోయిందే. నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రం ఉంది, గుంటూరు దగ్గరి లాంలో ఒంగోలు మంద ఉంది, ప్రకాశం జిల్లా చదలవాడలో పశువుల ఫారం ఉంది. ప్రకాశం జిల్లా నదులు గుండ్లకమ్మ, మూసీల మధ్య పల్లెల్లో ట్రాక్టరొచ్చాక కొట్టాలు ఖాళీ అయినా, తల్లి తరం చెడని ఆవులు ఇంకా ఉన్నాయి. బ్రెజిల్ స్ట్రాకు డాలర్లు కట్టేముందు, ఆ ఆవుల అండాశయాలకు ఒకసారి స్కానింగ్ చేయమని వాటిని మేపుతున్నవాళ్లు అడుగుతున్నారు.