రిపోర్టు ఇంగ్లీషులో, భయం తెలుగులో

గర్భంతో ఉన్న మా మేనకోడలి డబుల్ మార్కర్ రక్తపరీక్ష రిపోర్టు ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్‌కు వచ్చింది. డాక్టరమ్మను మళ్లీ కలిసేది మంగళవారం. ఇల్లు ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో, రక్తం తీసింది బరంపురంలో, పరీక్ష జరిగింది ఎక్కడో పెద్ద ఊళ్లోని ల్యాబులో. కాగితమంతా ఇంగ్లీషు. మధ్యలో లావు అక్షరాలతో 'హై రిస్క్', పక్కన 1:180 అని అంకె. ల్యాబుకు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి డాక్టరే చెప్పాలని ఒడియాలో అని పెట్టేసింది. "ఏటమ్మా, ఏటి రాసేరు?" అని అత్తగారు అడిగితే ఈ పిల్ల దగ్గర జవాబు లేదు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "అత్తా, బిడ్డకి ఏటో అయిపోనాదంట" అని ఏడుపు.

ఆ కాగితం ఆ మాట అనలేదు. కానీ నాలుగు రోజులూ ఆమెకు ఆ మాటే వినిపించింది. గర్భిణులకు చేసే పరీక్షల గురించి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఫలితం చేతికొచ్చాక డాక్టరు నోరు విప్పేదాకా గడిచే రోజుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. వైద్యం ఆ రోజులకు కూడా అందాలని నా గట్టి నమ్మకం.

ముందు ఆ అంకె సంగతి. గర్భం 11 వారాలు నిండాక, 14 వారాలు నిండకముందు ఒక స్కాన్ తీస్తారు. అందులో బిడ్డ మెడ వెనుక ఉండే పల్చటి నీటి పొరను కొలుస్తారు. దాన్నే ఎన్‌టీ స్కాన్ అంటారు. తల్లి రక్తంలో బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ అనే రెండు పదార్థాలు ఎంతున్నాయో చూస్తారు, డబుల్ మార్కర్ అంటే ఇదే. వీటికి తల్లి వయసు కలిపి, బిడ్డ ఎదుగుదల, తెలివి నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలకు ఎంత అవకాశం ఉందో లెక్క కడతారు. చాలా ల్యాబులు 250 మందిలో ఒకరిని హద్దుగా పెట్టుకుంటాయి. అవకాశం అంతకంటే ఎక్కువైతే 'హై రిస్క్' అని రాస్తాయి. 1:180 అంటే సరిగ్గా ఇలాంటి రిపోర్టే వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ఆ తేడా ఉంటుందని అర్థం. మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు.

ఆ రాత్రి ఫోన్లో నేను ఆమెకు ఇలా చెప్పాను. మీ వీధిలో పెళ్లి భోజనాలు అనుకో. బంతికి అరవై మంది చొప్పున మూడు బంతులు లేచాయి. ఆ మూడు బంతుల్లో కూర్చున్న వాళ్లందరి చేతిలో నీ రిపోర్టే ఉంది. ఒక్కరికి తప్ప అందరికీ బిడ్డ మామూలుగానే ఉంటుంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూడు బంతులా?" అని అడిగింది.

ఇది ఓదార్పు కోసం అల్లిన మాట కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ శాతాలనూ సంభావ్యతలనూ 'ఇంతమందిలో ఇందరు' అని మనుషుల లెక్కలో చెబితే మామూలు జనానికే కాదు, డాక్టర్లకు కూడా బాగా అర్థమవుతాయని ఏళ్ల తరబడి పరిశోధించి చూపారు. ఈ పరీక్షనే ఆ లెక్కలో పెట్టి చూడండి. 10,000 మంది గర్భిణుల్లో సుమారు 12 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుందనుకుందాం. పరీక్ష వారిలో పది మందిని పట్టుకుంటుంది. బిడ్డకు ఏ తేడా లేకపోయినా నూటికి ఐదుగురి చొప్పున మరో 500 మందికి 'హై రిస్క్' అని రాసి పంపుతుంది. అంటే ఈ మాట చదివి ఏడ్చే యాభై ఒక్క మందిలో యాభై మంది ఏడవాల్సిన పని లేదు. చేటలో బియ్యం చెరుగుతూ అనుమానం వచ్చిన గింజలను పక్కకు తీసి మళ్లీ చూస్తామే, ఇది ఆ పక్కకు తీయడం వరకే. తేల్చి చెప్పేది ఉమ్మనీరు పరీక్ష. దాన్ని 15 వారాలు నిండాక చేస్తారు. దానివల్ల గర్భం పోయే ప్రమాదం ఇటీవలి అంచనాల ప్రకారం వెయ్యికి ఐదు కంటే తక్కువే. ఆ రెండింటికీ మధ్య ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష ఉంది. తల్లి రక్తంలో తేలే మాయ తాలూకు డీఎన్ఏ ముక్కలను చూసే ఈ పరీక్ష డబుల్ మార్కర్ కంటే చాలా కచ్చితం. కానీ ఖర్చు ఎక్కువ, పైగా అది కూడా పక్కకు తీయడం వరకే, తేల్చి చెప్పదు.

లెక్క అర్థమైనంత మాత్రాన టెన్షన్ పోదు. తెలియకపోవడం అనేదే ఒక బాధ. 2016లో లండన్‌లో ఒక పరిశోధన జరిగింది. 45 మంది ఒక కంప్యూటర్ ఆటలో రాళ్లు ఎత్తి చూస్తుంటారు. కింద పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్నట్టు సగం సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్లకు ఎక్కువ చెమట పట్టింది, కళ్లలో పాపలు ఎక్కువ విప్పారాయి. చెడ్డ కబురు కంటే కబురు కోసం ఎదురుచూపే ఒంటిని ఎక్కువ నలుపుతుందన్న మాట. మా పిల్లకు శుక్రవారం నుంచి మంగళవారం దాకా ప్రతి గంటా ఎత్తి చూడని రాయే.

ఇంకో సంగతి. మూడో నెల దాటేదాకా కడుపుతో ఉన్న మాట బయట చెప్పొద్దని మన ఇళ్లలో పెద్దలు అంటారు. ఈ పరీక్ష జరిగేది సరిగ్గా ఆ మూడో నెల ముగిసే రోజుల్లోనే. నలుగురికీ చెప్పి స్వీట్లు పంచాల్సిన సమయంలో ఈ కాగితం వస్తుంది. అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి, ఏడుపు పంచుకోవడానికీ ఎవరూ ఉండరు.

ఇక భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. మనవాళ్లు ఒడియా బాగా మాట్లాడతారు, బడిలో అదే చదువుకున్నారు. అయినా భయం మాత్రం అమ్మ భాషలోనే పుడుతుంది. టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లీషు కూడా వచ్చిన వాళ్లపై 2003లో ఒక అధ్యయనం వచ్చింది. చిన్నప్పుడు తిన్న తిట్లను ఇంగ్లీషులో వింటే పెద్దగా చలించని చర్మం, టర్కిష్‌లో వింటే గట్టిగా స్పందించింది. 2007లో అమెరికాలో జరిగిన మరో పరిశోధనలో, ఫొటోలోని ముఖంలో కనిపించే భావోద్వేగానికి మాటతో పేరు పెడితే మెదడులో భయాన్ని లేపే అమిగ్డలా అనే భాగం నెమ్మదించింది. ఈ రెండూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: ఆ పిల్ల తన భయాన్ని "గుబులుగా ఉంది", "కడుపులో దేవినట్టుంది" అని తన మాటల్లో చెప్పుకోగలగాలి, వినేవాళ్లకు ఆ మాటలు తెలిసి ఉండాలి. ఆసుపత్రిలో ఒడియా, తెలుగు రెండూ వచ్చిన నర్సునో, ఆశా దీదీనో ఆ పది నిమిషాలు పక్కన కూర్చోబెడితే చాలు. మన సరిహద్దు ఊళ్లలో అలాంటి వాళ్లు లేకపోరు.

భయపడుతున్న గర్భిణికి మనవాళ్లు ఇచ్చే మొదటి సలహా: "టెన్షన్ పడకు, బిడ్డకి మంచిది కాదు." ప్రేమతో అనే మాటే. కానీ దాంతో భయం రెండింతలవుతుంది. రిపోర్టు గురించి ఒక భయం, తాను భయపడినందుకు బిడ్డకు ఏమవుతుందోనని ఇంకో భయం. నిజానికి బిడ్డకు ఒక కాపలా ఉంది. ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ హార్మోనులో చాలా భాగాన్ని మాయలోని ఒక ఎంజైమ్ పని చేయని రూపంలోకి మార్చేస్తుంది. నెలల తరబడి తగ్గని ఆందోళన వేరు, దానికి చికిత్స కావాలి. నాలుగు రోజులు ఏడ్చినందుకు ఏ తల్లీ బిడ్డకు అన్యాయం చేసినట్టు కాదు. ఈ ఒక్క మాట ఆ రోజుల్లో ఎవరైనా చెబితే ఎంత బాగుండును.

కొరాపుట్, రాయగడ, గజపతి వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు పరీక్ష కూడా ఇలాగే గుబులు పుట్టిస్తుంది. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023 జులైలో మిషన్ ప్రారంభించాక పరీక్షలు పెరిగాయి, అది మంచిదే. కానీ 'క్యారియర్' అని వినగానే జబ్బు వచ్చేసిందని కుమిలిపోతారు. క్యారియర్ అంటే ఆ జబ్బు జన్యువును తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే పొందిన మనిషి, వారికి సాధారణంగా జబ్బు ఉండదు. భర్త కూడా క్యారియర్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి భార్యను నిలదీయడం మాని, భర్త వెళ్లి తన రక్తం ఇవ్వాలి.

ఇలా భయం విని ధైర్యం చెప్పే సాయానికి మానసిక వైద్యులే కావాలంటే మన జిల్లాల్లో చాలా కాలం ఆగాలి. అంత ఆగక్కర్లేదని పాకిస్తాన్‌లోని రావల్పిండిలో తేలింది. ఆందోళనతో ఉన్న గర్భిణులకు, కొత్తగా సైకాలజీ డిగ్రీ చేసిన అమ్మాయిల చేత ఆరు విడతలుగా మాట్లాడించారు. వచ్చిన ఆలోచనను పట్టుకుని "ఇది నిజమా, నా భయమా?" అని విడదీసి చూడడం నేర్పారు. 2024లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన ఆరు వారాలకు, మామూలు వైద్యం మాత్రమే అందిన వారిలో 27 శాతం మందికి ఆందోళన ఎక్కువగా ఉంటే, ఈ సాయం పొందిన వారిలో 9 శాతం మందికే ఉంది. మన పొరుగు దేశంలో వచ్చిన ఫలితం ఇది.

మన దగ్గర ప్రతి నెలా 9న గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. రక్తం తీసే ముందే ఫలితం ఎన్ని రోజుల్లో వస్తుందో, ఎవరు చెబుతారో, 'హై రిస్క్' వస్తే తర్వాత ఏం చేస్తారో చెప్పేస్తే సగం గుబులు పుట్టకముందే పోతుంది. పరీక్ష వద్దనుకునే హక్కు కూడా ఉందని చెప్పాలి. నిజంగానే తేడా ఉందని తేలిన కొద్దిమందిని తొందరపెట్టకూడదు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 24 వారాలు దాటినా, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు పరిశీలించి గర్భం తీయించుకోవడానికి అనుమతించే దారి ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను కని ప్రేమగా పెంచుకునే దారీ ఉంది. ఏ దారి పట్టాలో తల్లే చెప్పాలి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ముద్ద దిగకపోయినా 14416కు ఫోన్ చేయాలి; చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే చేయాలి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

మా పిల్ల ఎన్ఐపీటీ చేయించుకుంది, తక్కువ అవకాశం అని వచ్చింది. అయినా బెరుకు పోలేదు. ఒకసారి మోగిన గంట చెవిలో మిగిలే ఉంటుంది, చాలామంది తల్లులకు ఇలాగే అవుతుంది. ఐదో నెలలో, బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్‌కు పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. చీకటి గదిలో పడుకుని నా వేళ్లు పట్టుకుంది. స్కాన్ చేసే డాక్టరమ్మ జెల్ రాస్తూ తెలుగులో అంది: "అమ్మా, నేను ఇప్పుడు పది నిమిషాలు మాట్లాడను. కొలతలు తీసుకుంటాను. మాట్లాడట్లేదంటే ఏదో ఉందని కాదు. అయ్యాక అన్నీ చూపిస్తాను." నా వేళ్ల మీద పట్టు కొంచెం సడలింది.