చివరి బెంచీ నుంచి చూస్తే: స్లైడ్ ప్రెజెంటేషన్లపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు సమీక్షల కోసమూ, ప్రభుత్వ కార్యాలయాల సిబ్బందికి సమావేశాల కోసమూ స్లైడ్లు తయారుచేయడం నేర్పుతూ 12 ఏళ్లు గడిచాయి. శిక్షణలో నేను మొదట చేయించే పని ఒక్కటే. తయారైన స్లైడును తెర మీద వేయించి, దాన్ని తయారుచేసిన వ్యక్తినే హాలులో చివరి బెంచీకి పంపి, అక్కడి నుంచి చదవమంటాను. చాలామంది రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. కింద రాసిన అపోహల్లో ఎక్కువ భాగం ఆ బెంచీ మీదే బయటపడ్డాయి.

అపోహ: విషయమంతా స్లైడులో ఉంటే మాట్లాడేటప్పుడు ఏదీ మరిచిపోము.

వాస్తవం: మరుపు భయం వక్తది, దానికి శిక్ష మాత్రం శ్రోతకు పడుతోంది. తెర మీది వాక్యాలనే వక్త పైకి చదువుతుంటే శ్రోత కళ్లు ముందుకు పరుగెడతాయి, చెవులు వెనకబడతాయి, చివరికి ఏదీ మనసుకు ఎక్కదు. బొమ్మ చూపిస్తూ మాటతో వివరించినప్పటి కంటే, ఆ మాటలనే తెర మీద అక్షరాల్లో కూడా పెట్టినప్పుడు నేర్చుకోవడం తగ్గుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది. మీ గుర్తు కోసం రాసుకోవలసిన మాటలకు పవర్‌పాయింట్‌లో స్లైడు కిందనే నోట్స్ అనే చోటు ఉంది. ప్రొజెక్టర్ తగిలించాక విండోస్ మీటను, పి మీటను కలిపి నొక్కి, ఎక్స్‌టెండ్ ఎంచుకుని, ప్రెజెంటర్ వ్యూలో నడిపితే ఆ నోట్స్ మీ ల్యాప్‌టాప్ మీద మాత్రమే కనిపిస్తాయి, సభకు స్లైడు ఒక్కటే కనిపిస్తుంది.

అపోహ: పాయింట్లుగా విడగొడితే ఎంతటి విషయమైనా స్పష్టమవుతుంది.

వాస్తవం: 2003లో నాసా వారి కొలంబియా వ్యోమనౌక పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఒకటి ఊడి రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ తీవ్రతను స్లైడ్లతో వివరించారు. తగిలిన ముక్క, పరీక్షల్లో వాడిన ముక్క కంటే 600 రెట్లకు పైగా పెద్దదన్న సంగతి ఒక స్లైడులో అట్టడుగు వరుసలో, పాయింటు కింద పాయింటుగా ఉండిపోయింది; పైనున్న శీర్షిక మాత్రం ధైర్యం చెబుతున్నట్టే ఉంది. తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ప్రమాదానికి కారణం స్లైడు కాదు గాని, సాంకేతిక నివేదికలు రాయవలసిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటును దర్యాప్తు సంఘం తన నివేదికలో తప్పుపట్టింది.

మన దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. వేరుశనగ మీద ప్రాజెక్టు చేసిన ఒక విద్యార్థిని "వర్షపాతం - దిగుబడి" అని శీర్షిక పెట్టి, కింద 9 పాయింట్లు పేర్చింది. "ఇంతకీ ఏం తేలిందమ్మా?" అని అడిగితే, "ఊడలు దిగేటప్పుడు బెట్ట తగిలిన ఏడాదే దిగుబడి పడిపోయింది సార్" అని ఒక్క ముక్కలో చెప్పింది (ఊడలంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు; బెట్ట అంటే వాన లేని ఎద్దడి). ఆ మాటనే శీర్షికగా పెట్టించాను. పాయింట్లన్నీ నోట్స్‌లోకి వెళ్లాయి. వారంవారీ వర్షపాతం గ్రాఫు ఒక్కటి మిగిలింది, అందులో ఊడలు దిగే వారాల కడ్డీలను ముదురు ఎరుపులోనూ, మిగతావాటిని బూడిద రంగులోనూ ఉంచాము. ఇప్పుడు చివరి బెంచీలో ఉన్నవారికి ఆమె నోరు విప్పకముందే సగం అర్థమవుతుంది.

అపోహ: నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు హుందాగా ఉంటాయి.

వాస్తవం: చీకటి హాలులో ఉంటాయి. ప్రొజెక్టర్ వెలుగును వేయగలదే కాని నలుపును వేయలేదు. తెర మీద పడే ఎండను అది చెరపలేదు కనుక, పరదాలు లేని కిటికీల గదిలో ఏప్రిల్ మధ్యాహ్నం మీ నలుపు వెలిసిన బూడిద రంగుగా మారుతుంది. మా ఊరి ఎండ సంగతి తెలిసినవారికి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. తెల్లని నేపథ్యం, ముదురు అక్షరాలు వాడండి.

అపోహ: యానిమేషన్లు, త్రీడీ చార్టులు ఉంటేనే శ్రద్ధ నిలుస్తుంది.

వాస్తవం: త్రీడీ పై చార్టులో (ముక్కలుగా కోసిన గుండ్రటి చార్టులో) మన వైపున్న ముక్క ఉన్నదాని కంటే పెద్దదిగా కనిపిస్తుంది, అంటే అది అందంగా అబద్ధం చెబుతుంది. యానిమేషన్ ఒక్క సందర్భంలోనే పనికొస్తుంది: గ్రాఫును దశలవారీగా తెరిచేటప్పుడు.

అపోహ: 10 స్లైడ్లు దాటకూడదు.

వాస్తవం: 10 స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్ల సైజు అక్షరాలు అన్నది అమెరికా వ్యాపారవేత్త గై కవాసాకి పెట్టుబడి కోసం వచ్చే వ్యాపారులకు చెప్పిన సూత్రం. పాఠానికీ, ప్రాజెక్టు సమీక్షకూ అది శాసనం కాదు. ఒకే స్లైడులో నాలుగు సంగతులు కుక్కడం కంటే నాలుగు స్లైడ్లు చేయడం మేలు.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది.

వాస్తవం: తెలుగు స్లైడ్ల విషయంలో ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. ముందు సైజు సంగతి: "నష్టం" అన్న మాటలో కింద ఉన్న వత్తు, అసలు అక్షరంలో సగం కూడా ఉండదు; చివరి బెంచీకి ముందుగా మాయమయ్యేది అదే. అందుకే ఇంగ్లీషుకు 24 పాయింట్లు సరిపోయినా తెలుగుకు నేను 32కు తగ్గను, పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచుతాను.

ఇక ఫాంట్లు. చాలా ఏళ్ల కిందట ఒక కార్యాలయ సమావేశానికి అను ఫాంట్లలో చేసిన స్లైడ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అక్కడి కంప్యూటర్‌లో తెరిచాను. తెలుగు ఉండవలసిన చోటంతా నెత్తిన చుక్కలు, కొమ్ములు మొలిచిన ఐరోపా అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను ఉంచుతాయి. ఫాంటు లేని యంత్రానికి కింద ఉన్న అసలు అక్షరాలే కనిపిస్తాయి. తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో టైపు చేస్తే ఈ బెడద ఉండదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంది కనుక, మీరు వాడిన ఫాంటు అక్కడ లేకపోతే అమరిక కొంత చెదరవచ్చు గాని తెలుగు తెలుగుగానే ఉంటుంది. దానికి తోడు పీడీఎఫ్ ప్రతి ఒకటి వెంట ఉంచుకోవాలి.

ఆ రోజు నా దగ్గర ఆ ప్రతి లేదు. పవర్‌పాయింట్‌లో స్లైడ్లు నడుస్తుండగా బి మీట నొక్కితే తెర నల్లబడుతుందని మాత్రం తెలుసు. అది నొక్కి, 40 నిమిషాలు నోటితోనే చెప్పాను.