ఖాళీగా వదిలేసిన గడి

చంటీ, బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి సగమే అర్థమైంది. మిగతాది మీ నాన్న విడమరిచి చెప్పాడు. వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) ఫారంలో 'సంఘం పేరు' అన్న గడి దగ్గర చంటి ఫ్రెండు ఏమీ రాయలేదట. "మాకు డినామినేషన్ లేదు, మేం ఉత్త క్రైస్తవులం" అన్నాడట. డినామినేషన్ అంటే క్రైస్తవుల్లో వేరువేరు పేర్లున్న ఒక్కో శాఖ. వెంటనే బుజ్జమ్మ లేచి "మరి యేసయ్యది ఏ డినామినేషన్?" అని అడిగిందట. టీచరమ్మ నవ్వి, మీ తాతయ్యను అడగమందట. గడుసు మనిషి!

జవాబు చిన్నదే. యేసు యూదుడు. విశ్రాంతి దినాన యూదుల సమాజమందిరానికి వెళ్ళేవాడు. బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు, ఇవేవీ అప్పటికి లేవు. 'క్రైస్తవులు' అన్న పేరైనా ఆయన వెళ్ళిపోయాక అంతియొకయ అనే పట్నంలో మొదలైంది. అదీ ఆయన శిష్యులు పెట్టుకున్నది కాదనీ, చూసినవాళ్ళు పిలిచిందనీ నాకనిపిస్తుంది.

ఆ ఫ్రెండు చెప్పిన మాట మాత్రం చిన్నది కాదు. అది తెలియాలంటే మీకు చెలమ అంటే ఏమిటో తెలియాలి. వాటర్ క్యాన్ పిల్లలు కదా మీరు.

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా ఏరు గుండ్లకమ్మ ఎండిపోయేది. ఒడ్డు నుంచి ఒడ్డుకి ఇసుకే. తెల్లవారకముందే మా అమ్మ నన్ను లేపి, బిందె తను పట్టుకుని, కొబ్బరి చిప్ప నా చేతికిచ్చేది. ఏట్లో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తోడాలి. పైన పొడి ఇసుక, జానెడు లోతుకి తడి ఇసుక, మోచెయ్యి మునిగేసరికి పక్కలు జారిపడుతుంటాయి. అప్పుడు అడుగున ఊట కనిపిస్తుంది. మొదట ఊరే నీళ్ళు కలక. చిప్పతో తోడి పారబోయాలి. రెండోసారీ పారబోయాలి. మూడోసారి ఊరిన నీళ్ళలో అడుగున ఒక్కో ఇసుక రేణువూ లెక్కపెట్టొచ్చు, అంత తేట. ఇక చిప్పతో పైపైన ముంచి, బిందె మూతికి కట్టిన గుడ్డలో పోసుకోవాలి. తొందరపడి లోతుగా ముంచితే మళ్ళీ కలకే. మర్నాటికి చెలమ పూడిపోయి ఉంటుంది. మళ్ళీ తియ్యాలి.

ఆ ఫ్రెండు వాళ్ళలాగా, డినామినేషన్లు వద్దు, తొలినాటి సంఘంలా ఉందామనేవాళ్ళు చేసేది ఈ పనే. రెండువేల ఏళ్ళ ఇసుక తోడితే అడుగున ఏముంది? బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే పుస్తకం రెండో అధ్యాయం చివర ఉంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. అంతే. మందిరాలు లేవు. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల ఇంట్లో ఒక సంఘం, ఫిలేమోను ఇంట్లో ఒకటి. సిరియాలో దురా యూరోపస్ అనే చోట తవ్వకాల్లో అలాంటి ఇల్లే ఒకటి బయటపడింది. సుమారు క్రీ.శ. 240 నాటిది. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒక్క గది చేసుకున్నారు. జనం పెరిగితే మనమూ అదే చేస్తాం కదా!

ఇలా ఇసుక తోడాలని చాలామందికి అనిపించింది. అమెరికాలో 1809లో థామస్ క్యాంప్‌బెల్ అనే ఆయన, మనుషులు రాసుకున్న నియమాలు పక్కనపెట్టి లేఖనం, అంటే బైబిలు, చెప్పిందే చెబుదాం, అది ఊరుకున్నచోట మనమూ ఊరుకుందాం అన్నాడు. బార్టన్ స్టోన్ అనే ఇంకో ఆయనదీ అదే ఆలోచన. ఇద్దరి మనుషులూ 1832లో కలిశారు. పేర్లే వద్దనుకున్న ఆ జనం 1906 నాటి జనాభా లెక్కల్లో రెండు వేరువేరు పేర్లతో కనిపించారు. మన దేశంలో భక్తసింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన కూడికలూ ఈ దారివే. చిన్నప్పుడు మా నాన్న నన్ను హైదరాబాదులో ఆ కూడికలు జరిగే హెబ్రోనుకి ఒకసారి తీసుకెళ్ళాడు. అందరూ చాపల మీద కూర్చున్నారు, ఆఫీసరూ కూలీ పక్కపక్కనే. అన్నం పెట్టేదాకా నేను వాక్యం ఒక్క ముక్క వినలేదు, వేడివేడి పప్పుచారు వాసన మాత్రం బాగా గుర్తుంది.

పోలిక ఇంకాస్త లాగుతాను. మీ నానమ్మ ఉంటే "ఇక చాలించండి" అనేది.

గుండ్లకమ్మలో ఊరివాళ్ళ చెలమలు ఎగువన, మా పల్లెవాళ్ళవి దిగువన. మేం ఎగువకు వెళ్ళకూడదు. ఒకసారి ఆడుకుంటూ వెళ్ళి వాళ్ళ చెలమలో చిప్ప ముంచాను. ఒక పెద్దమనిషి చిప్ప లాక్కుని ఒడ్డుకు విసిరేశాడు. ఇసుక కింద నీళ్ళు మాత్రం ఎగువ నుంచి దిగువకు నడిచి వచ్చేవి, ఎవర్నీ అడక్కుండా.

ఆ ఏట్లోనే, వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మన పల్లెలవాళ్ళే. అంతకుముందు పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కానీ కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలిచ్చింది ఆయన కాదు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున. మందిరం లేదు, బల్లలు లేవు, ఏరు ఉంది.

ఇంత చరిత్ర ఉన్న మనం ఇవాళ ఏం చేస్తున్నామో మీ కళ్ళతోనే చూశారుగా. మా వీధిలో నాలుగు మందిరాలు, నాలుగు మైకులు. క్రిస్మస్ రాత్రి ఎవరి పాట ఎవరికీ వినపడదు. మనల్ని ఎగువ చెలమ దగ్గరికి రానివ్వలేదని ఏడ్చినవాళ్ళం, మనలో మనమే వేరు చెలమలు తవ్వుకుని మాదే తీపి అంటున్నాం. 'మాకు పేరు లేదు' అనేవాళ్ళూ ఆ మాట గర్వంగా అంటే, అదే వాళ్ళ పేరైపోతుంది. చంటీ, ఇది నీ ఫ్రెండుతో అనకు. వాడు మంచివాడే, గడి ఖాళీగా వదిలే ధైర్యం నాకు ఆ వయసులో లేదు.

తొలి సంఘంలో మాత్రం అంతా తేటగా ఉందా? లేదమ్మా. కొరింథు సంఘంలో నేను పౌలు మనిషినంటే నేను అపొల్లో మనిషినని, ఇద్దరు బోధకుల పేర్లు పట్టుకుని కొట్లాడుకున్నారు. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనం సరిగా అందలేదని సణుగుడు లేచింది. దానికి వాళ్ళు ఏడుగురిని ఎంచి భోజనాల పని అప్పగించారు. వేరే సంఘం పెట్టుకోలేదు. ఈ ముక్క చదివిన ప్రతిసారీ నేను కాసేపు పుస్తకం మూసి కూర్చుంటాను.

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. రాస్తుంటే నా బుర్ర మళ్ళీ ఇసుకలోకే పోతోంది. ఎండకు కాగిపోయిన ఏట్లో, మూరెడు కింద, అంత చల్లటి నీళ్ళు. నాకిప్పటికీ వింతే.

శనివారం రండి. ఆదివారం పొద్దున్నే, ఆరాధనకు ముందే, ఏటికి పోదాం. ఈ ఏడు ఏట్లో అక్కడక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి కానీ, పాత ఇసుక మేట ఒకటి నాకు తెలుసు. ఎగువనే ఉంది. చిప్ప నా దగ్గరుంది, గుడ్డ మీ అమ్మనడిగి తెచ్చుకోండి. చంటి ఫ్రెండునీ తీసుకురండి.

మీ తాతయ్య